పాత సుమో, నల్ల పొగ, ఆటోనగర్‌లో ఒక డీజిల్ పంపు షాపు

కాస్త పెద్దగానే రాస్తున్నా, ఇంట్లో పాత డీజిల్ బండి ఉండి అది పొగ కక్కుతోందని దిగులుపడుతున్నవాళ్ళు ఓపిగ్గా చదవండి, మీ డబ్బులు మిగులుతాయి. ఇది విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు (పెట్రోల్ బంకు కాదు, ఇంజిన్‌కి డీజిల్‌ని ప్రెజర్‌తో పంపే భాగం), నాజిళ్ళు (ఆ డీజిల్‌ని సిలిండర్‌లోకి చిమ్మేవి) మాత్రమే బాగుచేసే ఒక షాపు గురించి. పేరు రాస్తానంటే షాపు నడిపే పెద్దాయన వద్దన్నారు, ఉన్నది ముగ్గురే మనుషులు, ఇప్పటికే వచ్చిన బండ్లకి టైం చాలట్లేదు బాబూ అన్నారు, అందుకని రాయట్లేదు. వాళ్ళు ఏం చేశారో ఎలా చేశారో మొత్తం రాస్తా, మీ ఊళ్ళో అలా పని చేసే షాపు ఉందేమో మీరే వెతుక్కోవచ్చు.

మాది నూజివీడు వైపు. మామిడి తోట ఉంది, సీజన్‌లో నున్న మామిడి మార్కెట్‌కీ తోటకీ మధ్య తిరిగేది మా నాన్న కొన్న టాటా సుమోనే. 2003 మోడల్, రిజిస్ట్రేషన్ 2004 మార్చి, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా తోసేది) లేని పాత 1948 సీసీ ఇంజిన్. మూడు లక్షల పన్నెండు వేలు తిరిగింది. నాన్న ఇప్పుడు లేరు, బండి ఉంది. అమ్మేయమని చెప్పినవాళ్ళు చాలామంది, నాకు మాత్రం మనసొప్పట్లేదు, స్టీరింగ్ మీద ఆయన చుట్టిన దారం కవరు ఇప్పటికీ అలానే ఉంది.

సొంత బండికి 15 ఏళ్ళు నిండాక ప్రతి 5 ఏళ్ళకీ ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి కదా, 2019లో ఒకసారి అయింది, మళ్ళీ 2024 మార్చికి వచ్చింది. ముందు పొల్యూషన్ చేయిద్దామని సంక్రాంతికి ముందు వెళ్తే ఫెయిల్. బీఎస్ 4 (బండ్ల పొగ మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) కంటే ముందు వచ్చిన డీజిల్ బండ్లకి పొగ రీడింగ్ 65 హెచ్‌ఎస్‌యూ (పొగ ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) దాటకూడదు, మాది 78 వచ్చింది. అసలు మీటర్ దాకా పోనక్కర్లేదు, మా ఇంటి ప్రహరీ గోడ చూస్తే చాలు, బండి పెట్టే చోట వెనకాల గోడ మీద తలకాయంత నల్లటి మరక, మొన్న దసరాకి వేసిన సున్నం మీదే. పొద్దున్నే స్టార్ట్ చేస్తే మొదటి ఐదు నిమిషాలు తెల్ల పొగ, కళ్ళు మండేవి, అమ్మ ముగ్గు వేస్తూ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది. వేడెక్కాక తెల్లది పోయేది కానీ లోడు మీద ఎక్సలేటర్ తొక్కితే చాలు వెనకాల నల్లటి మబ్బు. ఆగిరిపల్లి రోడ్డులో వెనక బైకులవాళ్ళు హారన్ కొట్టి మరీ తిట్టి వెళ్ళేవాళ్ళు, వాళ్ళ తప్పేం లేదు, ఆ పొగ పీల్చేది వాళ్ళే. మైలేజ్ 12 నుంచి 9కి పడిపోయింది.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పాలి, తర్వాత కథకి అదే మూలం. అంతకు ఏడాది ముందు బండి పికప్ తగ్గింది. అప్పుడు ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే పది నిమిషాల్లో పంపు దగ్గర ఏదో తిప్పి 500 తీసుకుని పంపాడు, పికప్ వచ్చింది, నేనూ సంతోషపడ్డా. ఆ తర్వాతే మెల్లగా పొగ మొదలైంది, కానీ ఆ రెండింటికీ లింకు ఉందని నాకు తట్టలేదు. పొగ ఎక్కువయ్యాక ఇంకో చోటికి తీసుకెళ్తే ఆయన బానెట్ కూడా ఎత్తలేదు, రెండు సార్లు రేజ్ చేయించి పొగ చూసి, బోరుకొచ్చిందండి (అంటే సిలిండర్లు లోపల అరిగిపోయాయని), హెడ్ (ఇంజిన్ పైభాగం) దింపాలి, పిస్టన్లు రింగులు స్లీవులు అన్నీ మార్చాలి, 75 వేలు అవుతుంది, పది రోజులు పడుతుంది అన్నాడు. మరొకాయన డీజిల్‌లో కలిపే సీసా ఒకటి చేతిలో పెట్టాడు, రెండు ట్యాంకులు కలిపా, ఏం మారలేదు. 75 వేలు పెట్టడానికి దాదాపు సిద్ధపడ్డా కూడా. మా తోటలో కాయ కొనే వ్యాపారి ఒకాయన ఉన్నారు, ఆయనకి రెండు పాత టాటా 407 మినీ లారీలు ఉన్నాయి, ఆయనే ఆపారు. ఇంజిన్ విప్పేముందు ఒకసారి పంపు షాపులో చూపించు తమ్ముడూ, పొగలో సగం కేసులు అక్కడే తేలిపోతాయి అన్నారు.

అలా సంక్రాంతి దాటిన వారంలో వెళ్ళా. షాపు చూస్తే ఏమనిపించదు, రేకుల షెడ్డు, ముందు మూడు బండ్లు పట్టే చోటు, లోపల గ్రిల్లు వేసిన చిన్న గది. ఆ గదిలోకి మాత్రం చెప్పులు విడిచి వెళ్ళాలి, అక్కడ పంపు టెస్ట్ బెంచి, నాజిల్ టెస్టర్, తుడిచిన స్టీలు ట్రేలు. పంపు లోపలికి ఇసుక రేణువంత దుమ్ము పోయినా పాడే కాబట్టి అంత శుభ్రం అని తర్వాత తెలిసింది. గోడ మీద పాత మైకో బోర్డు ఒకటి ఉంది. మైకో అంటే బెంగళూరులో 1951లో పెట్టిన కంపెనీ, 2008లో పేరు బాష్ అని మారింది, కానీ మన దగ్గర ఇంకా ఎవరైనా మైకో పంపు అనే అంటారు, పెద్దాయన కూడా అంతే.

పెద్దాయనకి డెబ్బై దగ్గర ఉంటాయి. నేను పొగ వస్తోంది బాబాయ్ అనగానే బండి వైపు చూడలేదు, నా వైపు చూసి ప్రశ్నలు మొదలుపెట్టారు. ఏ రంగు? చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా? ఖాళీగా రేజ్ చేస్తేనా, లోడు లాగితేనా, దిగుడులో ఎక్సలేటర్ వదిలేసి మళ్ళీ తొక్కినప్పుడా? ఆయిల్ ఎన్నాళ్ళకి కలుపుతున్నావ్, ఎంత కలుపుతున్నావ్? రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతున్నాయా? ఈ మధ్య ఎవరైనా పంపు ముట్టుకున్నారా? ఆఖరి ప్రశ్నకి నేను ఏడాది కిందటి 500 సంగతి చెప్తే ఏమీ అనకుండా తలూపారు. తర్వాత, ఇప్పుడు వేడి మీద ఉంది, ఇవాళ చూసి లాభం లేదు, బండి ఇక్కడే పెట్టి వెళ్ళు, పొద్దున్నే ఆరున్నరకి రా, నువ్వు వచ్చేదాకా సెల్ఫ్ కొట్టను అన్నారు. నాకు చాలా నచ్చింది ఇదే. పొద్దున పూట వచ్చే జబ్బుని మధ్యాహ్నం చూసి ఎలా చెప్తారు ఎవరైనా, అయినా అప్పటిదాకా చూసిన ఇద్దరూ వేడి ఇంజిన్ మీదే తీర్పు చెప్పేశారు.

మర్నాడు పొద్దున ఆరున్నరకి నేను వెళ్ళేసరికి కుర్రాడు ఒక తెల్ల అట్టముక్క పట్టుకుని వెనకాల నిలబడి ఉన్నాడు. సెల్ఫ్ కొట్టించారు, నాలుగైదు తిప్పులకి గడగడమంటూ స్టార్ట్ అయింది, తెల్ల పొగ మొదలైంది. సైలెన్సర్‌కి జానెడు దూరంలో అట్ట అర నిమిషం పట్టి తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టారు. తడి తడిగా, బూడిద రంగులో, పచ్చి డీజిల్ వాసన. చూశావా, కాలకుండా బయటికొచ్చేసిన డీజిల్ ఇది, ఆయిల్ అయితే జిడ్డుగా అంటుకుంటుంది, నీళ్ళయితే ఆరిపోతే మరక ఉండదు అన్నారు. తర్వాత ఇంజిన్ నడుస్తుండగానే పదిహేడు నంబర్ స్పానర్ తీసుకుని నాజిళ్ళకి వచ్చే పైపుల నట్లు ఒక్కోటీ కొంచెం వదులు చేసి మళ్ళీ బిగించారు. మొదటిది వదిలితే ఇంజిన్ కుంటింది, అంటే ఆ సిలిండర్ పని చేస్తోంది. రెండోదీ అంతే. మూడోది వదిలినప్పుడు ఇంజిన్ శబ్దంలో పెద్ద తేడా లేదు, కానీ వెనకాల పొగ సగానికి సగం తగ్గిపోయింది, నేను కళ్ళారా చూశా. నాలుగోదానికి మళ్ళీ కుంటింది. దొంగ మూడో ఇంట్లో ఉన్నాడు అన్నారు పెద్దాయన.

ఒక్క మాట, ఈ పైపు వదిలే పని పాత మెకానికల్ పంపు బండ్లకే. కామన్ రైల్ బండ్లలో, అంటే సీఆర్‌డీఐ అని రాసి ఉండే కొత్త తరం డీజిల్ బండ్లలో పైపుల్లో ప్రెజర్ వెయ్యి బార్లు కూడా దాటుతుంది, నడుస్తున్నప్పుడు నట్టు వదిలితే డీజిల్ చర్మంలోకి సూదిలా దిగిపోతుంది, చెయ్యి తీసేసే పరిస్థితి వస్తుంది. దయచేసి ఎవరూ ఇంట్లో ప్రయత్నించకండి, పాత బండి అయినా సరే తెలిసినవాళ్ళే చేయాలి.

హీటర్ ప్లగ్గులు, అంటే చల్లటి ఇంజిన్‌ని లోపల వేడి చేసే కరెంటు కడ్డీలు, ఒక్కోటీ టెస్ట్ లాంపు పెట్టి చూస్తే నాలుగిట్లో రెండు చచ్చిపోయాయి, ఒకటోది, మూడోది. ఇది ఎందుకంత ముఖ్యమో ఆయన చెప్పిన తీరు బాగుంది. పెట్రోల్ బండిలో నిప్పురవ్వ ఉంటుంది, డీజిల్‌కి అది లేదు, గాలిని పిండి పిండి వేడి చేస్తేనే డీజిల్ అంటుకుంటుంది, మా సుమో లాంటి ప్రీ ఛాంబర్ ఇంజిన్లలో (డీజిల్ ముందు పక్కనున్న చిన్న గదిలో అంటుకునే రకం) గాలిని దాదాపు ఇరవై రెట్లు పిండుతుంది. చలికి ఇనుమంతా చల్లగా ఉంటే ఆ వేడిని గోడలే లాగేసుకుంటాయి, అందుకే స్టార్టింగ్‌లో హీటర్ సాయం కావాలి. హీటర్ లేని సిలిండర్‌లో డీజిల్ అంటుకోక పొగలా బయటికి పోతుంది, కళ్ళు మండేది అందుకే. వేడెక్కాక అదే సర్దుకుంటుంది.

మధ్యలో టిఫిన్ తెప్పించారు. ఆ గంటన్నరలో వేరే బండ్లు రెండు వచ్చాయి, నాకు అవే పెద్ద పాఠం. ఒకటి టాటా ఏస్, దాన్నీ తెల్ల పొగ కంప్లయింటు మీదే తెచ్చారు. పెద్దాయన దూరం నుంచే చూసి ఇది పొగ కాదు ఆవిరి అన్నారు, రేడియేటర్ మూత తీయించి స్టార్ట్ చేయిస్తే నీళ్ళలో బుడబుడమని బుడగలు, డ్రైవర్ని అడిగితే రోజూ లీటరు నీళ్ళు పోస్తున్నా అన్నాడు. హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) పోయింది, ఇంకో నాలుగు రోజులు ఇలానే నడిపితే హెడ్ వంగుతుంది, పంపు షాపులో నీకు పనేం లేదు, హెడ్ పని చేసేవాడి దగ్గరికి ఇవాళే వెళ్ళు అని అడ్రస్ చెప్పి పంపించేశారు, రూపాయి తీసుకోలేదు. రెండోది బొలెరో పికప్, నీలం పొగ. ఆయిల్ పోసే మూత తీసి ఇంజిన్ నడుస్తుండగా దాని మీద తిరగేసి పెట్టారు, మూత టకటకమని ఎగిరి పడింది, లోపలి నుంచి ఉఫ్ ఉఫ్ మని పొగ. బ్యాక్ కంప్రెషన్ బాగా ఉంది, రింగులు అరిగిపోయి కాలిన గ్యాస్ కిందికి దిగుతోంది, ఆయిల్ పైకి పోయి కాలుతోంది. వెయ్యి కిలోమీటర్లకి లీటరున్నర ఆయిల్ పోస్తున్నారంట. ఆయనకి మాత్రం ఖచ్చితంగా చెప్పేశారు, ఇది బోరు పనే, నా దగ్గర ఎంత ఖర్చు పెట్టినా తగ్గదు అని. ఇది ఎందుకు రాస్తున్నానంటే అందరికీ బోరు వద్దని చెప్పే షాపు కాదు ఇది, అవసరమైనవాళ్ళకి అవసరమనే చెప్తున్నారు.

నా బండికి కూడా ఆ మూత టెస్టు చేశారు, మూత కొంచెం కదిలింది కానీ ఎగరలేదు. అయినా నోటి మాట కాదు, మీటర్ పెట్టి చూద్దాం అని, సిలిండర్ గాలిని ఎంత గట్టిగా పిండుతోందో కొలిచే కంప్రెషన్ గేజ్ తీశారు. నాలుగు హీటర్ ప్లగ్గులూ విప్పేసి, పంపుకి డీజిల్ ఆపే సొలినాయిడ్ వైరు తీసేసి, బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌లో ఉందో లేదో చూసుకుని, ఒక్కో రంధ్రానికి గేజ్ బిగించి సెల్ఫ్ కొట్టారు. 390, 385, 360, 390 పీఎస్‌ఐ. మూడోదాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొడితే 375కి ఎక్కింది. ఆయిల్ పోస్తే పెరిగిందంటే రింగు కొంచెం అరిగింది, అస్సలు పెరక్కపోతే వాల్వు వైపు అనుమానించాలి. నాలుగింటి మధ్య తేడా నూటికి పది లోపే ఉంది, మూడు లక్షలు తిరిగిన ఇంజిన్‌కి ఇంతకంటే ఏం కావాలి, మీ నాన్న ఆయిల్ టైంకి మార్చాడు అన్నారు. నాకు గొంతు పట్టేసింది ఆ మాటకి. నాన్న డ్యాష్‌బోర్డులో పెట్టిన చిన్న డైరీ ఉండేది, ఆయిల్ మార్చిన ప్రతిసారీ కిలోమీటర్లు రాసేవారు.

ఇక నాజిళ్ళు. విప్పి ఆ గ్రిల్లు గదిలోకి తీసుకెళ్ళారు, నన్నూ రమ్మన్నారు. టెస్టర్ అంటే చేతి బోరింగు లాంటిదే, లివరు కిందికి నొక్కితే ప్రెజర్ పెరుగుతుంది, గేజ్‌లో ముల్లు ఎక్కుతుంది, ఒక దగ్గరికొచ్చాక నాజిల్ తెరుచుకుని కొడుతుంది. నోటి ముందు చెయ్యి మాత్రం పెట్టనివ్వరు. ఈ రకం నాజిళ్ళు 120 బార్ పైన కొట్టాలని ఆయన లెక్క. ఒకటోది 112కి కిర్ర్ మని శబ్దం చేస్తూ పొగమంచులా కొట్టింది. రెండోది, నాలుగోది కూడా కొంచెం అటూ ఇటుగా అంతే. మూడోది 95కే తెరుచుకుంది, శబ్దం లేదు, మంచులా కాదు, పిల్లలు ఆడుకునే నీళ్ళ తుపాకీలా ఒక పక్కకి సన్నటి ధార కొట్టింది. ఆగాక చూడు అన్నారు. నాజిల్ మొన మీద ఒక చుక్క మెల్లగా ఊరింది, వేలాడింది, కింద పడింది, ఇంకోటి ఊరింది. ఆ చుక్కే మీ గోడ మీద మసి అన్నారు. ధారలా పడిన డీజిల్‌కి గాలి కలవదు, కలవకపోతే చల్లగా ఉన్నప్పుడు తెల్లగా, వేడి మీద నల్లగా బయటికొస్తుంది. కింద రాగి వాషర్ కూడా నల్లగా మాడిపోయి ఉంది.

నేను అక్కడితో అయిపోయింది అనుకున్నా. ఆయన మాత్రం నల్ల పొగ మొత్తం ఇదొక్కటే చేయదు, గాలి సంగతి చూడాలి అన్నారు. నల్ల పొగ అంటే ఆయన లెక్కలో రెండే రెండు, డీజిల్ ఎక్కువన్నా అవ్వాలి, గాలి తక్కువన్నా అవ్వాలి. ఎయిర్ ఫిల్టర్ తీస్తే మురికిగా ఉంది కానీ మరీ అంత కాదు. ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజిన్‌కి వెళ్ళే రబ్బరు గొట్టం పైకి శుభ్రంగా, గట్టిగా ఉంది, నేనైతే మళ్ళీ బిగించేసేవాణ్ణి. ఆయన దాన్ని విప్పి లోపల రెండు వేళ్ళు పెట్టి తడిమి టార్చి వేసి నాకు చూపించారు. లోపలి పొర ఊడిపోయి నాలుకలా వేలాడుతోంది. నిదానంలో అది గోడకి అతుక్కునే ఉంటుంది, ఇంజిన్ గట్టిగా గాలి లాగినప్పుడు లేచి దారికి అడ్డం పడుతుంది. వేలితో లేపి చూపిస్తే గొట్టం ముప్పాతిక వంతు మూసుకుపోయింది. ఏడాది కిందట పికప్ తగ్గింది దీనివల్లే. అప్పటి మెకానిక్ గాలి సంగతి చూడకుండా డీజిల్ పెంచాడు. పంపు మీద ఫుల్ లోడు స్క్రూ ఉంటుంది, ఎవరూ ముట్టుకోకుండా దానికి సీలు ఉంటుంది, మా పంపుకి ఆ సీలు లేదు, స్క్రూ నట్టు మీద స్పానర్ జారిన గీతలు తాజాగా మెరుస్తున్నాయి. ఉన్న గాలికి మించిన డీజిల్ పోస్తే కొంచెం పికప్ వస్తుంది, మిగతాదంతా మసి. ఒక 650 రూపాయల గొట్టం దగ్గర మొదలైన జబ్బు 75 వేల బోరు దాకా వచ్చిందన్నమాట.

పంపు దింపి బెంచి మీద ఎక్కించారు. మోటారు తిప్పుతుంటే నాలుగు పైపుల నుంచి టెస్ట్ ఆయిల్ నాలుగు గాజు గొట్టాల్లోకి పడుతుంది, ఏ సిలిండర్‌కి ఎంత పోతోందో ఎదురుగా కనిపిస్తుంది. నాలుగింట్లోనూ గీత కంటే బాగా పైకి ఉంది. స్క్రూ వెనక్కి తిప్పుతూ, గీతకి తెస్తూ, స్పీడు మారుస్తూ గంట పైనే పట్టింది. లోపల రబ్బరు సీళ్ళు మార్చి, కొత్త సీలు వేసి, బండికి ఎక్కించాక డయల్ గేజ్ పెట్టి టైమింగ్ (డీజిల్ ఏ క్షణంలో చిమ్మాలో అది) కట్టారు. టైమింగ్ వెనకపడినా పొగే, అందుకే కంటి అంచనాతో కట్టరు. టాపెట్లు (వాల్వులని తెరిచే భాగాలు) కూడా చూశారు.

బిల్లు విడివిడిగా చెప్తా, ఎందుకంటే నేను వెళ్ళేముందు ఎంతవుతుందో తెలియక భయపడ్డా. నాజిళ్ళు నాలుగూ మార్పించా, ఒక్కోటీ 850, హీటర్ ప్లగ్గులు నాలుగూ కొత్తవి, ఒక్కోటీ 380, గాలి గొట్టం 650, ఫిల్టర్ 420, రాగి వాషర్లు 160, పంపు సీళ్ళ కిట్టు కాలిబ్రేషన్ కలిపి 6500, మిగతా లేబర్ 3000. మొత్తం 15,650. పాత నాజిళ్ళు, పాత గొట్టం అన్నీ ఒక కవర్లో పెట్టి నా చేతికిచ్చారు, అడగకుండానే.

తర్వాతి రోజు పొద్దున ఇంటి దగ్గర సెల్ఫ్ కొడితే ఒకే తిప్పుకి స్టార్ట్, వెనక లేత పొగ ఒక అర నిమిషం, అంతే. అమ్మ ముగ్గు దగ్గర నుంచి లేవలేదు. ఆ వారంలో పొల్యూషన్‌కి వెళ్తే 41 వచ్చింది, రెన్యువల్ కూడా అయిపోయింది. సీజన్‌లో నున్నకి కాయ వేసుకుని వెళ్ళినా వెనక మబ్బు లేదు, పూర్తి లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు కొంచెం బూడిద రంగు కనిపిస్తుంది, పాత ఇంజిన్‌కి అది మామూలే అన్నారు. మైలేజ్ మళ్ళీ 12కి దగ్గరగా వస్తోంది. పికప్ మాత్రం ఆ స్క్రూ పెంచిన రోజుల్లో ఉన్నంత దూకుడుగా లేదు, అది నిజం చెప్పాలి, కానీ కొత్తలో నాన్న నడిపినప్పుడు ఎలా ఉండేదో అలా ఉంది.

బాగోలేనివి కూడా రాస్తా. రెండు రోజులన్నది నాలుగు రోజులైంది, ఫోన్ చేస్తే ఎత్తరు, నేను నూజివీడు నుంచి రెండు సార్లు ఊరికే తిరిగా. ముందుగా ఎస్టిమేట్ రాసివ్వరు, నోటిమాటే, చివర్లో చెప్పినదానికి పెద్దగా తేడా రాలేదు కానీ కాగితం మీద ఉంటే కస్టమర్‌కి ధైర్యం. కూర్చోడానికి ఒక్క బెంచీ ఉంది, ఆడవాళ్ళతో వెళ్తే ఇబ్బందే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా షట్టరు వేసేస్తారు. కామన్ రైల్ ఇంజెక్టర్లు వీళ్ళు చేయరు, దానికి వేరే మెషిన్లు కావాలి, బండి దింపకముందే ఆ మాట చెప్పేస్తారు. ఈ నాలుగు రోజుల తిప్పలకి ఒక స్టార్ తగ్గించి 5కి 4 ఇస్తున్నా, పని మటుకు 5కి 5.

మీ బండి పొగ గురించి ఎక్కడికైనా వెళ్ళేముందు ఇంట్లోనే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి, ఆ పెద్దాయన చెప్పినవే. ఎయిర్ ఫిల్టర్ తీసి ఎండకి పట్టి చూడండి, గొట్టం లోపల వేలు పెట్టి తడమండి. డిప్ స్టిక్ మీద ఆయిల్ గీత దాటి ఎక్కువ పోసి ఉన్నా నీలం పొగ వస్తుంది, చాలామంది దాన్ని చూసి బోరు అనుకుంటారంట. బండిని చదును రోడ్డు మీద న్యూట్రల్‌లో వదిలి చూడండి, బ్రేకు పట్టేసి ఉంటే ఇంజిన్ ఎప్పుడూ లోడు మీదే ఉన్నట్టు, నల్ల పొగ వస్తుంది. వారం పాటు రోజూ పొద్దున్నే రేడియేటర్ నీళ్ళు, ఆయిల్ మట్టం కాగితం మీద రాసుకోండి, పొగ ఎప్పుడు ఏ రంగులో వచ్చిందో ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. కంప్రెషన్ గేజ్ పెట్టకుండా హెడ్ దింపమనేవాళ్ళకి మాత్రం తాళం చెవి ఇవ్వకండి. టర్బో ఉన్న బండ్లయితే టర్బో గొట్టాల్లో చీలికలు, ఈజీఆర్ (కాలిన పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) ఉన్నవైతే ఆ వాల్వు మసి పట్టి తెరుచుకునే ఉండిపోవడం, ఇవి కూడా చూపించుకోవాలి, నా బండికి ఆ అవసరం రాలేదు.

మొన్న జూన్‌లో కాయ అయిపోయాక ఒకసారి చూపిద్దామని వెళ్ళా. పెద్దాయన బానెట్ ఎత్తి పంపు సీలు అలానే ఉందా అని వేలితో తడిమి చూసి, గోడకి సున్నం వేశావా అని అడిగారు. ఇంకా లేదు బాబాయ్, ఈ దసరాకి వేస్తా అన్నా.